రెండో తొవ్వ లేని బాయి

మా పాపను దాని ఏడో పుట్టినరోజు నాడు, నలుగురి ముందు, చెంప మీద కొట్టాను. చివర్లో ఎక్కడో చెప్పి మెల్లగా దాటేసే రకం కాదు నేను, అందుకే ముందే చెబుతున్నాను. అప్పటికి నాలుగు నెలలుగా ఆ పిల్ల కడుపులో ఒక మాట దాచుకుని బడికి వెళ్తోంది, అన్నం తింటోంది, నా పక్కలో పడుకుంటోంది. నాకు తెలియదు. తెలిసినప్పుడు తగిలిన దెబ్బ ముందు నేను కొట్టింది ఏపాటిది?

ఇదంతా వేరే పిల్ల పుట్టినరోజుతో మొదలైంది. పాప క్లాసులో చదివే అమ్మాయికి ఒక ఫంక్షన్ హాల్లో థీమ్ పార్టీ చేశారు. హాలు నిండా నీలం గుడ్డలు, థర్మాకోల్ చేపలు, మధ్యలో కాళ్లకు చేప తోక తొడుక్కుని కుర్చీలో పుట్టినరోజు పిల్ల. ఆ తోకతో పాపం కుర్చీ దిగి ఆడుకోలేకపోయింది గానీ ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. మా పాప రెండు రోజులు ఆ తోక గురించే మాట్లాడింది. నాకు ఒళ్లు మండింది. ఇలాంటి ఆర్భాటాలతో పిల్లలు పాడైపోతారని మా ఆయనతో గంటసేపు వాదించి, మూడోరోజు నేనే ఆ డెకరేషన్ వాళ్లకు ఫోన్ చేసి రేటు అడిగాను. విన్నాక ఫోన్ పెట్టేసి ఒక గ్లాసు మంచినీళ్లు తాగాను.

అయినా పంతం వదల్లేదు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. బీరువా కింద ఏళ్ల తరబడి కూడబెట్టిన గుడ్డముక్కల మూటలున్నాయి. సముద్రం అడిగితే నీలం లైనింగు ఉంది, అడవి అంటే ఆకుపచ్చ ఉంది, రాకుమారి అంటే ఎవరిదో పెళ్లి జాకెట్టులో మిగిలిన జరీ ఉంది. అన్నిటికీ సిద్ధమయ్యే పాపను పిలిచాను.

"మనింట్లనే చేస్త బిడ్డా. థీమ్ గూడ పెడ్త. ఏది కావాల్నో చెప్పు, గదే చేస్త," అన్నాను.

అది క్షణం కూడా ఆలోచించలేదు. "డాడీ బాయి," అంది.

బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటాం. మా ఆయన పనిచేసేది భూమి లోపలి బాయిలో. 

"పుట్టినరోజుకు బాయేందే?"

"ఏదంటె గది చేస్త అన్నవు గద మమ్మీ."

నేను బాయి మనిషి బిడ్డను, బాయి మనిషి పెళ్లాన్ని. ఈ పిల్లకు మాత్రం ఆ ఊసే లేకుండా చదువులు చెప్పించి వేరే దారి పట్టించాలని నా ఆశ. అలాంటిది ఇది ఏరికోరి బాయే కావాలంటోంది. ఒక పూట గింజుకున్నాను. తర్వాత, తండ్రి మీద ఎంత ప్రేమ ఉంటే ఇలా అడుగుతుంది అనిపించి, ఆ మాట పట్టుకుని మా వరుస క్వార్టర్లన్నిటికీ తిరిగి చెప్పుకున్నాను. డాడీ అంటే దానికి ప్రాణం అన్నాను. విన్నవాళ్లలో ఒకరిద్దరు నా మొహం అదోలా చూశారని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు మాత్రం కుళ్లు అనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయనకు అన్నం పెడుతూ చెప్పాను. ఆయన చేతిలో ముద్ద అట్లాగే ఆగింది.

"ఇంకేం దొర్కలేదా దానికి?" అని పాప వైపు చూశాడు. అది కంచంలోకి చూస్తూ కూర్చుంది. తన ఉద్యోగాన్ని నలుగురూ చూస్తారని సిగ్గుపడుతున్నాడనుకుని ముచ్చటపడ్డాను. అంత మొద్దుబుర్ర నాది.

పాప షరతు ఒక్కటే. "లోపల అచ్చం ఎట్లుంటదో గట్లనే చెయ్యాలె. ఒక్కటి గూడ తప్పు పోవద్దు."

"సర్దారు బిడ్డను నేను. నాకే చెప్తవా?" అన్నాను.

సర్దారంటే బాయిలో కార్మికులకంటే ముందు లోపలికి వెళ్లి, పైకప్పును కర్రతో తట్టి చప్పుడు విని, భద్రమే అనుకుంటే సుద్దముక్కతో రాసి వచ్చే మనిషి. మా బాపు ఆ పని చేసి రిటైరయ్యాడు. అందుకని బాయి సంగతులన్నీ నాకు తెలుసని నా గర్వం. చిన్నప్పటి నుంచి విన్నాను గానీ ఒక్కసారీ లోపలికి దిగింది లేదు.

పక్క క్వార్టర్ అక్క వాళ్లు కొత్త ఫ్రిజ్జు కొన్నప్పటి అట్టపెట్టె దాచి ఉంచింది. కిరాణా కొట్టు నుంచి ఇంకో అయిదు పెట్టెలు తెచ్చాను. అన్నీ కోసి, టేపుతో ఒకదానికొకటి అతికించి, వరండా తలుపు దగ్గర మొదలై ముందు గది చివర బీరువా దాకా పోయే సొరంగం చేశాను. పిల్లలు మోకాళ్ల మీద పాకుతూ పోవాలి. లోపలంతా నల్ల లైనింగు గుడ్డ. పసుపు రంగు ప్లాస్టిక్ గిన్నెలు బోర్లించి టోపీలు చేశాను, వాటి నుదుటన దీపావళికి కొన్న బ్యాటరీ దీపాలు అతికించాను. సొరంగం చివర ఒక తట్టలో నల్ల నువ్వుల లడ్డూలు, గుండ్రంగా కాకుండా బొగ్గుపెళ్లల్లా వంకరటింకరగా. పిల్లలు పాకుతూ పోయి తలా ఒక పెళ్ల తవ్వుకుని రావాలన్నమాట. కేకు కుక్కర్లో చేశాను. మధ్యలో కుంగిపోయింది. దాని మీద చాక్లెట్ బిస్కెట్ల పొడి చల్లి, ఇది పైనుంచి గొయ్యిలా తవ్వే ఓపెన్ కాస్టు గని అని పేరు పెట్టాను. సమస్య తీరిపోయింది.

పుట్టినరోజు నాడు పాప బడికి, ఆయన ఫస్టు షిఫ్టుకు వెళ్లాక మా బాపు వచ్చాడు. సొరంగం చూసి మురిసిపోయాడు. చేతికర్రతో అట్ట పైకప్పును రెండుచోట్ల తట్టి, చెవి ఆనించి విన్నాడు. నేను పడీపడీ నవ్వాను. తర్వాత చివరి దాకా నడిచి బీరువా దగ్గర ఆగాడు.

"ఇటు తొవ్వ ఏది బిడ్డా?"

"ఏం తొవ్వ?"

"బాయికి రెండో తొవ్వ ఉండాలె గద. ఒక్క తొవ్వతోని ఎవ్వల్నీ దిగనియ్యరు."

"ఓ బాపూ, ఇది పుట్టినరోజా, ఇన్‌స్పెక్షనా? అట్టపెట్టెలు అయిపోయినయి. పొయ్యిన తొవ్వకెల్లే ఎన్కకు వస్తరు పోరగాండ్లు," అన్నాను. ఆయన సరేలే అన్నట్టు జేబులోంచి సుద్దముక్క తీసి, అట్ట మీద ఆ రోజు తేదీ రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం అయిదుకు పిల్లలు పన్నెండు మంది వచ్చారు, తల్లులు కొందరు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, సమోసాలు తేవడానికి చౌరస్తాకు వెళ్లాడు. పాపను పక్కింట్లో తయారుచేసి తీసుకొచ్చి, సొరంగం మీద కప్పిన దుప్పటి లాగేశాను. అందరూ ఓ అని అరిచారు. పాప అరవలేదు. టోపీ పెట్టుకుని, దీపం వెలిగించుకుని, పరీక్షకు పోయే పిల్లలా లోపలికి పాకింది. నేను ఫోన్లో వీడియో తీస్తూ ఈ చివర నిలబడ్డాను.

చాలాసేపు లోపలే ఉంది. చివర అట్టను చేత్తో తడుముతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వెళ్లిన దారినే వెనక్కి పాకుతూ వచ్చింది. లడ్డూ తేలేదు.

"మమ్మీ, ఇంకో తొవ్వ ఏది?"

"ఇంకో తొవ్వ లేదు బిడ్డా. గిదే. లడ్డు ఏది?"

"గట్ల కాదు. రెండుంటయి."

"వచ్చే పుట్టినరోజుకు రెండు పెడ్త తియ్యి. జరుగు, దోస్తులు ఆగుతలేరు."

జరగలేదు. సొరంగం మొదట్లో రెండు చేతులూ చాపి నిలబడింది. "ఎవ్వల్నీ దిగనియ్య," అంది. తల్లులు నవ్వారు. నేనూ నవ్వాను మొదట. ముందు నిలబడిన పిల్ల దాని చేయి కిందుగా దూరబోయింది. మా పాప ఆ పిల్లను రెండు చేతులా తోసింది. ఆ పిల్ల వెల్లకిలా పడి, టోపీ మీది దీపం ఊడి, గుక్కపట్టి ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. వారం రోజులు నడుం విరిగేలా చేసిన పని, పిలిచిన జనం, ఏడుస్తున్న వేరేవాళ్ల పిల్ల. నాకు కోపమొస్తే కళ్లు కనపడవని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. చెయ్యి లేచింది.

చప్పుడు అందరికీ వినిపించింది. పాప ఏడవలేదు. చేతులు దించలేదు కూడా. నా కళ్లలోకి చూస్తూ గట్టిగా అడిగింది.

"ముందట కూల్తె ఎట్ల రావాలె? డాడీకి ముందట కూలింది. ఎన్క తొవ్వ ఉన్నదని వచ్చిండు. లేకుంటె రాకపోతుండె."

నాకు మొదట ఆ మాటల అర్థమే ఎక్కలేదు. ఏదో సినిమా చూసి కల్పించి చెబుతోందనుకున్నాను. ఎవరైనా అవునని నవ్వుతారేమోనని చుట్టూ చూశాను. పక్కింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్లాయనా మా ఆయనా ఒకే బాయి, ఒకే షిఫ్టు.

"నీకు చెప్పలేదా చెల్లె?" అంది.

మా బాపు వైపు తిరిగాను. ఆయన కళ్లజోడు తీసి పంచెకు తుడుచుకుంటున్నాడు. "బాపూ, నీకూ తెలుసా?" అంటే తల ఎత్తలేదు. ఇంకో ఇద్దరు తల్లులు కూడా నేల చూపులు చూస్తున్నారు. డాడీ అంటే దీనికి ప్రాణం అని నేను ఇంటింటికీ తిరిగి చెప్పింది వీళ్లకే. ఈ కాలనీలో నా మొగుడి సంగతి తెలియని మనిషిని నేనొక్కదాన్నే.

అప్పుడే ఆయన సమోసాల సంచితో గుమ్మంలో అడుగుపెట్టాడు. వాలకం చూసి ఆగిపోయాడు. ఆయన మొదట చూసింది నన్ను కాదు, పాపను.

"నేను చెప్పలే డాడీ. అదే నోట్లకెల్లి వచ్చింది," అంది అది. అప్పుడు ఏడుపు వచ్చింది దానికి.

"ఎప్పుడయ్యా?" అన్నాను నేను.

"ఏం కాలె గదా. మంచిగనే ఉన్న గదా ఇప్పుడు..."

"ఎప్పుడంటున్న."

"నాలుగు నెలలైతుంది," అన్నాడు. పక్కింటి అక్క మెల్లగా అందుకుంది. "మేం ఇంట్ల ప్రార్థన పెట్టుకున్నం సూడు చెల్లె, అప్పుడే."

ఆ ప్రార్థన నాకు బాగా గుర్తుంది. పాస్టరుగారు వచ్చారు, పాటలు పాడారు, తర్వాత అందరికీ బగారా అన్నం, కోడికూర పెట్టారు. దేనికక్కా అని అడిగితే దేవుడు మేలు చేసిండు అంది. వాళ్ల కొడుకు పరీక్ష పాసయ్యాడేమో అనుకున్నాను. రెండోసారి వడ్డించుకుని మరీ తిని, ఇంటికొచ్చి కూరలో ఉప్పు తక్కువైందని మా ఆయనతో అన్నాను. ఆయన అవునన్నాడు. నా పసుపుకుంకుమలు నిలిచినందుకు పెట్టిన అన్నానికి నేను వంకలు పెట్టాను!

మిగతాది ఆయన నిలబడే నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆరుగురు పనిలో ఉండగా వాళ్లు వచ్చిన వైపు పైకప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దారి మాత్రం మూసుకుపోయింది. లోపలి గాలి బయటికి పోవడానికి ఇంకో దారి ఉంటుంది. అటు తిరిగి, వంగి కొంతదూరం, పాకి కొంతదూరం, రెండు గంటలకు బయటపడ్డారు. తర్వాత స్నానం చేసి ఇంటికి వచ్చాడు. ఆ రోజు కూరగాయలు తేకుండా, అదీ ఆలస్యంగా వచ్చాడని నేను సణిగానట. నాకు ఆ సణుగుడు కూడా గుర్తులేదు. ప్రతిరోజూ ఏదో ఒకటి సణుగుతాను, ఏదని గుర్తుంటుంది?

"మరి దీనికెట్ల తెలిసింది?"

"ఐతారం నాడు కటింగుకు తీస్కపోయిన. హోటల్ కాడ పక్కింటి అన్న, నేను చాయ్ తాగుకుంట మాట్లాడుకున్నం. సమోస తింటుంది, ఇంటలేదనుకున్న. తర్వాత జూస్తె అంత ఇన్నది. నీకు చెప్పద్దని ఒట్టు వేయించుకున్న." ఆయన గొంతు తగ్గింది. "నీకు చెప్తె నన్ను మళ్ల దిగనిస్తవా?"

దిగనివ్వను. అది నిజం. బాయి సంగతి బాయిలోనే ఉంచి రావడం మా మగవాళ్ల అలవాటు. మా బాపూ మా అమ్మకు ఏదీ చెప్పలేదు, అమ్మ చివరిదాకా నిశ్చింతగా నిద్రపోయింది. కానీ అమ్మ పక్కలో, అంతా తెలిసి, పెదవి కొరుక్కుంటూ పడుకున్న ఆరేళ్ల పిల్ల లేదు. అప్పటికి దానికి ఏడు కూడా నిండలేదు. నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు నా అరచేయి మండడం మొదలైంది.

మా బాపు ముందుకొచ్చాడు. "తప్పు నాది. తొవ్వ లేదని తెలిసి గూడ నేను సుద్దతోని రాసిన," అన్నాడు, నిజం బాయి గురించి ఒప్పుకుంటున్నంత బాధగా.

మా ఆయన సంచి కింద పెట్టి, పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తొవ్వ యాడ పెడుదాం చెప్పు."

అది ముక్కు తుడుచుకుని బీరువా వైపు చూపించింది. మామా అల్లుళ్లిద్దరూ బీరువాను పక్కకు జరిపారు. దాని వెనకే వంటింట్లోకి మేం వాడని రెండో గుమ్మం. అట్ట కోయడానికి కత్తి కోసం వెతుకుతుంటే నేను నా గుడ్డల కత్తెర తెచ్చి ఇచ్చాను. జాకెట్టు గుడ్డ తప్ప ఇంకేదీ ఆ కత్తెరతో ముట్టుకోనివ్వను. ఆయన నా మొహం చూడకుండా అందుకున్నాడు.

దారి తెరిచాక పాప అంది, "డాడీ, ముందుగల నువ్వు పో."

ఇంత మనిషి పాకుతూ లోపలికి దూరాడు. అట్టలు కిర్రుమన్నాయి. పట్టుమని పది అడుగుల సొరంగం. నేను వంటింటి వైపు చివరన నిలబడ్డాను. ఆయన రావడానికి పట్టింది ఎంత, ఊపిరి రెండుసార్లు తీసుకునేంత. నేను ఒక్కసారీ తీసుకోలేదు. ముందు చేతులు కనిపించాయి, తర్వాత తల, మెడకు చుట్టుకున్న నల్ల లైనింగు. మోకాళ్ల మీద నా కాళ్ల దగ్గరికి వచ్చి, తలెత్తి, పిచ్చి నవ్వు నవ్వాడు. ఆ రోజు ఇట్లాగే వచ్చి ఉంటాడు. అక్కడ నేను లేను, ఇంట్లో ఎవరి జాకెట్టుకో గుండీలు కుడుతూ ఉండి ఉంటాను. వంటింటి గడప మీద కూలబడి, వచ్చినవాళ్లందరూ చూస్తుండగా ఏడ్చాను. అట్లా నా పెళ్లిలో కూడా ఏడ్వలేదు.

పిల్లలకు మాత్రం ఇదంతా ఆటలో భాగమే అయింది. డాడీ వచ్చేసిండని చప్పట్లు కొట్టారు. పాప చేతులు దించి, పడేసిన పిల్లకు తన టోపీ ఇచ్చి, లైను కట్టమంది. ఆ తర్వాత గంటసేపు ఒకవైపు దిగి ఇంకోవైపు వంటింట్లోంచి వస్తూనే ఉన్నారు. లడ్డూలు అయిపోయాయి, కేకు అయిపోయింది. అంత బాగా జరిగిన పుట్టినరోజు మా వరుసలో లేదని తర్వాత చాలామంది అన్నారు. నేను సమోసాలు పంచుతున్నాను గానీ ఎవరు ఏమంటున్నారో నాకు తెలియలేదు.

అందరూ వెళ్లాక పాపను పీట మీద కూర్చోబెట్టి, బొగ్గు మసిలా ఉండాలని బుగ్గలకు పూసిన కాటుక మరకలు కొబ్బరినూనెతో తుడిచాను. కొట్టిన చెంప దగ్గర చేయి ఆగింది.

"నొప్పి వెట్టిందా బిడ్డా?"

"జెర."

"తప్పయింది నాది. ఇగ కొట్ట. ఒక్కటి చెప్పు, ఇన్ని థీములుండంగ బాయే ఎందుకడిగినవు?"

అది నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "నువ్వు కడ్తె జూద్దామని. డాడీ ఏడికెల్లి బయటికొచ్చిండో నాకు సమజ్ కాలె. నిన్ను అడుగుదామంటె ఒట్టేసిన గద."

ఒట్టు తప్పకుండా తెలుసుకునే దారి వెతుక్కుంది ఏడేళ్ల పిల్ల. నేను దాన్ని ముచ్చట అనుకుని ఊరంతా చెప్పుకున్నాను. దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు. వరండాలో మా ఆయన అట్టపెట్టెలు మడత పెడుతున్నాడు.

"ఇగ మీదట నా తాన ఏం దాయద్దు బిడ్డా. ఎవ్వలు ఒట్టు వెట్టమన్న వెట్టద్దు. ఇంకేమన్న ఉన్నయా, నాకు చెప్పనియి?"

పాప వరండా వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒట్టేసినయా మమ్మీ, ఒట్టెయ్యనియా?"